ఇల్లు కదలని చదువు

"ఇల్లు కదలకుండా చదువు! ఇంతకన్నా ఏం కావాలి లోర్నా?" అన్నాడు డ్వేన్, ఆమె మడతపెడుతున్న బట్టల మీదికి తన మాసిన మేజోళ్ళు విసురుతూ.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరాన ఇనుప గనుల ఊరు. అక్కడి ఆసుపత్రి అత్యవసర విభాగంలో లోర్నా నర్సు. ఇంకా పైచదువు చదివి నర్స్ ప్రాక్టీషనర్ అయితే రోగిని తనే చూసి, తనే మందు రాయొచ్చు. ఉన్న ఒక్క డాక్టరూ రిటైరయ్యాక ఊళ్ళోవాళ్ళు చెవిపోటుకి కూడా డులూత్ నగరం దాకా పరిగెత్తుతున్నారు. ఆమె ఎన్నో కాలేజీలు వడగట్టి రెండు మిగిల్చుకుంది. ఒకటి పూర్తిగా ఆన్‌లైన్. రెండోదీ ఆన్‌లైనే గానీ, ప్రతి సెమిస్టర్లో ఒక వారం పక్క రాష్ట్రంలోని మిల్వాకీ వెళ్ళి హాస్టల్లో ఉండి, రోగిని పరీక్షించడం ప్రొఫెసర్ల కళ్ళముందు చేసి చూపించాలి. ఇంటిల్లిపాదీ మొదటిదాన్నే ఖాయం చేసేశారు. డ్వేన్‌కి సాయంత్రం వంట ఆగదు. అత్తగారు ఐలీకి మందులు వేళకి అందుతాయి. కాలేజీలో ఉన్న కూతురు ఫోన్ చేసి, "మధ్యమధ్యలో నా వ్యాసాలు కూడా దిద్దొచ్చు మమ్మీ," అంది. చదివేది ఎవరో మాత్రం ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఏటా చలికాలంలో డ్వేన్ గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని, తమ్ముళ్ళతో చేపలు పడుతూ వారం పాటు మాయమవుతాడు. అప్పుడు ఇల్లెలా గడుస్తుందని ఎవరూ అడగరు. ఎందుకడుగుతారు, గడిపేది ఇంట్లోనే ఉంటుందిగా అనుకుంది లోర్నా.

శనివారం మధ్యాహ్నం రెండో కాలేజీవాళ్ళు ఆన్‌లైన్లో పరిచయ సమావేశం పెట్టారు. లోపల గొళ్ళెం ఉన్న చోటు ఆ ఇంటికి ఒక్కటే, పెరట్లోని ఆవిరిస్నానాల గది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. కోటు వేసుకుని, చెక్కబల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుందో లేదో, తలుపు దబదబా మోగింది.

"లోర్నా! డబ్బా మూత కోసేది ఎక్కడ?"

"సొరుగులో!"

"ఏ సొరుగు?"

"మన పెళ్ళప్పటి నుంచీ ఉన్న సొరుగు!"

"అదే, ఏదీ?"

తెర మీది ముఖాలన్నీ నవ్వు బిగబట్టుకుంటున్నాయి. మైకు ఆపలేదని అప్పుడు తెలిసింది ఆమెకు. సిగ్గుతో చచ్చిపోయింది. క్షమించమనబోతుంటే ఒకావిడ, "మీరే నయమండీ. నేను ఖాళీ స్నానాల తొట్టిలో కూర్చున్నా," అంది. ఇంకొకావిడ, "నేను గ్యారేజీలో, కారులో. మావాళ్ళు నేను పాలకెళ్ళాననుకుంటున్నారు," అంది. ఇక నవ్వులు ఆగలేదు. చివరికి ప్రొఫెసరమ్మ కళ్ళు తుడుచుకుని, ప్రశ్నలేమైనా ఉన్నాయా అంది.

"మిల్వాకీలో ఉండే ఆ వారం మధ్యలో ఇంట్లో పని పడి రావాల్సొస్తే?" అడిగింది లోర్నా.

"కుదరదండీ. నిబంధన."

నిబంధన! ఇంత తియ్యటి మాట ఆమె విని ఎన్నాళ్ళయిందో.

భోజనాల దగ్గర, రెండోదే చేరుతున్నానని చెప్పింది. డ్వేన్ చేతిలో ఫోర్కు గాల్లో ఆగిపోయింది. "ఇంట్లో కూర్చుని చదివేది ఉండగానా? మరి ఆ వారం..." అంటూ తల్లి వైపు చూశాడు.

ఐలీ తాపీగా రొట్టెకి వెన్న రాసుకుంటోంది. "పెళ్ళైన కొత్తలో నేను దర్జీపని నేర్చుకోడానికి డులూత్ వెళ్తానన్నానురా. మీ నాన్న మంచివాడు. అంత దూరం నీకెందుకని కుట్టుమిషను ఇంటికే తెచ్చిపెట్టాడు. గనిలో పనిచేసేవాళ్ళ చిరిగిన పాంట్లన్నీ నా దగ్గరికే వచ్చాయి. దర్జీపని మాత్రం రాలేదు."

కోడలి వైపు తిరిగింది.

"నా మంచం కింద పెద్ద సూట్‌కేసుంది, తీసుకెళ్ళమ్మాయ్. కొన్నప్పటి నుంచీ గడప దాటలేదది."