నీళ్ళ పొయ్యి

గోనెసంచిని నాలుగు మడతలు పెట్టి ఎడమ భుజం మీద వేసుకుని, నిండు సిలిండరును ఒక్క ఊపులో దానిమీదికి ఎక్కించాడు అప్పలస్వామి. టెక్కలిలో ఆ పూటకి అది పదకొండోది. మేడ మీది సత్యవేణిగారు ఎప్పటిలాగే బరువు తక్కువేమోనని అనుమానపడ్డారు. త్రాసు దాకా ఎందుకు, తన భుజమే చెబుతుందన్నాడు. సబ్బునురుగు రాసి, ఎక్కడా బుడగ లేవలేదని చూపించి మెట్లు దిగాడు.

పందొమ్మిదేళ్ళుగా ఊరందరి వంటిళ్ళకీ గ్యాసు మోస్తున్న మనిషి ఇంట్లో ఇప్పటికీ సరుగుడు కట్టెలే. మహిళా సంఘం తరఫున వచ్చిన గ్యాసుబండ మూడేళ్ళుగా మూల కూర్చుంది. దాని మీద అతని పెళ్ళాం దేముడమ్మ ఉతికిన బట్టలు పెడుతుంది. ఆ మాటకి ఎవరు నవ్వినా అప్పలస్వామికి పట్టింపు లేదు. అతన్ని తినేస్తున్నదల్లా ఆమె దగ్గు. పొగ మానమని డాక్టరు చెబితే బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించిన ఘనురాలు ఆమె.

సంతబొమ్మాళి దారిలో, ఉంటున్న పాక పక్కనే రెండు సెంట్లలో కొత్త ఇల్లు లేస్తోంది. పెరడన్న మాటే లేదు. వెనక గోడని ఆనుకుని పక్కవాళ్ళ గోడ. రేపే స్లాబు. వంటింట్లో పొగగొట్టానికి కన్నం వదలాలో వద్దో ఈ సాయంత్రంలోగా తేల్చమన్నాడు మేస్త్రీ కూర్మారావు. వద్దని పొద్దున్నే చెప్పేశాడు అప్పలస్వామి. కన్నముంటే ఆమె కట్టెలు మానదు. ఆమేమో ఉండాల్సిందేనంటుంది. రోజూ అతని స్నానానికి అన్నేసి నీళ్ళు గ్యాసు మీద కాస్తే బండ పదిహేను రోజులైనా రాదు, మరి ఆ భుజానికి వేణ్ణీళ్ళెలాగని ఆమె బాధ. నిన్న రాత్రి ఇద్దరూ మూతులు ముడుచుకునే పడుకున్నారు.

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. రాయి మీద కూర్చోగానే దేముడమ్మ చెంబుతో ముందు ఎడమ భుజం మీద పోసింది. కాయకాసిన చోట వేణ్ణీళ్ళు పడుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి అనుకున్నాడు. అంతలో వెనక ఆమె దగ్గు ఆపుకోవడం వినబడింది.

తడి తువ్వాలుతోనే మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, కన్నం వదలమన్నాడు. కూర్మారావు పగలబడి నవ్వాడు. దేముడమ్మ మధ్యాహ్నమే వచ్చి, వద్దని చెప్పి వెళ్ళిందట.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి బావా."

అప్పలస్వామి ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కన్నం ఒగ్గీమన్నాను. కూడు నువ్వు గ్యాసు మీద వండు. నీల్ల పొయ్యి నాను ముట్టిత్తాను. నువ్వు ఆ పక్కకి రాకు."

"మొగోడివి, పొయ్యికాడ కూకుంతావేటి మావా?"

"ఇన్నేళ్ళు నువ్వు కూకోలేదేటి?"

ఆ పూట అతని కంచంలో ఒక చేపముక్క ఎక్కువ పడింది.

కొత్తింట్లో నాలుగేళ్ళు అలాగే నడిచింది. రోజూ పని నుంచి రాగానే అతను నీళ్ళ పొయ్యి ముట్టించేవాడు. కట్టెలు పేర్చడం కూడా రాదని ఆమె గుమ్మంలో కూర్చుని ఆటపట్టించేది. ఆమె దగ్గు తగ్గింది. ఇద్దరూ కాస్త ఒళ్ళు చేశారు కూడా.

ఆషాఢంలో ఒక సాయంత్రం అతను వచ్చి, గోనెసంచి తీసి గ్యాసుబండ మీద పడేసి, పొయ్యిలో కట్టెలు పేర్చి, కాస్త అలసటగా ఉందంటూ గోడకి చేరగిలబడ్డాడు. దేముడమ్మ టీ కలిపి తెచ్చి పిలిచింది. అతను పలకలేదు.

చివరి స్నానానికి నీళ్ళు వీధిలో మూడు రాళ్ళు పెట్టి కాస్తామన్నారు ఇరుగుపొరుగు. దేముడమ్మ ఒప్పుకోలేదు. అతను పేర్చిన కట్టెలు పొయ్యిలో అలాగే ఉన్నాయి. కొత్తింట్లో మొదటిసారి ఆ పొయ్యి ముందు కూర్చుని, అగ్గిపుల్ల తనే గీసింది. నీళ్ళు కాగాక అందరికంటే ముందు తనే చెంబు ముంచి, అతని ఎడమ భుజం మీద పోసింది.

లోపల గ్యాసుబండ మీద గోనెసంచి నాలుగు మడతలూ విప్పకుండానే ఉంది, భుజం ఆనిన చోట కాస్త గుంటపడి.