కొండ రంగు

డబ్బా మూత తీయగానే నెస్తా ముందు వాసన చూసింది. సిరాకు వాసనేమిటని ప్రెస్సు యజమాని హెవిన్ ఏళ్ల తరబడి వెక్కిరిస్తున్నా ఆ అలవాటు పోలేదు. పైన పేరుకున్న పొరను మీగడ తీసినట్టు కత్తితో తీసి పారేసింది. అడుగునున్న మెత్తటి ఊదా సిరాను రాతిపలక మీద వేసుకుని, రవ్వంత తెలుపు కలిపి నూరసాగింది. పై వీధిలో ఎవరో ముసలాయన పోయాడు. శనివారం చాపెల్‌లో పాడే కీర్తనల కాగితం అచ్చు వేయాలి. ఆయన కూతుళ్లు లేత ఊదా అడిగారు. లేత రంగు అడిగితే పోయిన మనిషి మీద ప్రేమ ఉన్నట్టు, ముదురు అడిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ ఉన్నట్టు నెస్తా లెక్క. ఆ లెక్క తప్పిన సందర్భాలు లేకపోలేదు గానీ, వాటిని ఆమె పట్టించుకోదు.

రంగు కుదిరాక బొటనవేలితో అద్ది డబ్బా మూత మీద ముద్ర వేసింది. మూత చూస్తే లోపలేముందో తెలిసిపోవాలి, పేరు రాయనక్కర్లేదు. ప్రెస్సు వెనకగది అల్మారా నిండా ఆమె వేలిముద్రలే.

మనిషి పొట్టి, వెడల్పు. నెరిసిన జుట్టు చెవుల దాకా కత్తిరించి ఉంటుంది. తాడు కట్టిన కళ్లజోడు మెడలోనే వేలాడుతూ ఉంటే దానికోసం గదంతా వెతుకుతుంది. ఎడమ తుంటి అరిగిపోయి, నడిస్తే పడవలా ఒరుగుతుంది. పెళ్లిళ్లకు ముస్తాబై వెళ్లినా కుడి బొటనవేలి గోరు ఏదో ఒక రంగులోనే ఉంటుంది. ఆ ఉదయం నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. రాత్రి దానిమీద పడుకుని ఉంటాననుకుని సరిపెట్టుకుంది.

బెథెస్డా అనే ఈ వెల్ష్ ఊళ్లో రాయి విసిరితే జోన్స్ ఇంటిపేరువాళ్ల మీదే పడుతుంది. అందుకని మనిషికి పని పేరు తగిలిస్తారు. రొట్టెల దాయ్, పాల హ్యూ, ఈమె సిరా నెస్తా. తండ్రి పలకరాయి గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్ముతోనే పోయాడు. ఆ ఏడే హెవిన్ తండ్రి ఆమెను రోలర్లు కడిగే పనిలో పెట్టుకున్నాడు. మధ్యలో ఒకాయన పెళ్లి చేసుకుని కెనడా వెళ్లిపోదామన్నాడు. అక్కడ ప్రెస్సులు ఎలా ఉంటాయని నెస్తా ఆసక్తిగా అడిగింది. ఆయన చిన్నబుచ్చుకుని ఒక్కడే ఓడెక్కాడు. ఆమె నిజంగా తెలుసుకుందామనే అడిగింది పాపం.

ఇన్నేళ్లలో ఆమె అచ్చు వేసినవన్నీ నాలుగు రోజుల సరుకు. లాటరీ చీట్లు, గొర్రెల వేలం ప్రకటనలు, కీర్తనల కాగితాలు. పని కాగానే చెత్తబుట్టలోకి పోయేవే. ఇప్పుడు హెవిన్ యంత్రాన్ని అమ్మేశాడు, సోమవారం లారీ వస్తుంది. ఆ ఊదా కాగితం తర్వాత ఇక ఆమెకు పని లేదు. అయితే వెళ్లేముందు దేవుడు కరుణించినట్టు ఒక మంచి పని చేతికొచ్చింది. ‘తడి పలకలు’ అనే రాక్ బ్యాండ్ రెండో రికార్డుకు అట్ట కవర్లు. ఆ నలుగురూ ఈ ఊరి పిల్లలే. మొదటి రికార్డు లండన్ దాకా మోగింది. రెండోదాని కవరు మాత్రం మనూళ్లోనే వేయాలని పాడే పిల్ల హెలెద్ పట్టుబట్టింది. రికార్డు కవరును ఎవరూ పారేయరు, ఇళ్లలో దాచుకుంటారు. ఒక్కటంటే ఒక్కటి, తను వేసిన రంగు నిలవబోతోందని నెస్తా మురిసిపోయింది.

మంగళవారం హెవిన్ ఊళ్లో లేనప్పుడు ఆ పని తనే పూర్తిచేసింది. అట్టంతా ఒకే రంగు, మధ్యలో పేరు మాత్రం తెల్లగా వదిలేసిన అక్షరాల్లో. అంతే.

ఆ అట్ట ఒకటి పట్టుకుని హెవిన్ ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

“నెస్తక్కా, ఏంటిది?”

“రికార్డు కవరు. నువ్వు తలకిందులుగా పట్టుకున్నావు.”

“ఆ పిల్ల ఏ రంగు చెప్పింది?”

“గ్లాస్.”

“మరి ఇది గడ్డి రంగు కదక్కా! పిల్లలు అడిగింది నీలం! ఆకాశం, సముద్రం, ఆ గ్లాస్!”

గ్లాస్ అంటే మనం నీళ్లు తాగేది కాదు. వెల్ష్ భాషలో ఆకాశం గ్లాస్, పొలంలో గడ్డీ గ్లాసే. పసుపునీ ఆకునీ రెంటినీ మనం పచ్చ అనేసి సరిపెట్టుకోమూ, అలాగే. బడికి వెళ్లిన పిల్లలు గడ్డికి వేరే మాట నేర్చుకుని, గ్లాస్‌ను నీలానికే ఉంచుకున్నారు. నెస్తా వయసువాళ్లకు మాత్రం వాన పడితే కొండ ఇంకా గ్లాసే అవుతుంది.

“కొండ రంగు అందిరా,” నెస్తా మెల్లగా అంది. “వాన వెలిశాక మన కొండ ఉంటుందే ఆ గ్లాస్ అని ఫోన్‌లో చెప్పింది. నా వంటింటి కిటికీలోంచి చూసి మరీ కలిపాను.”

“కిటికీలోంచి చూసి! శనివారం కచేరీ పెట్టుకున్నారు, మళ్లీ వేద్దామంటే అట్ట లేదు. వాళ్లు వచ్చేస్తారు, నువ్వే చెప్పుకో.”

నెస్తా అట్టను తీసుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పింది. తప్పు కనిపిస్తుందేమోనని చూసింది. చక్కటి కొండే కనిపించింది. ఇంత బాగా కుదిరిన రంగు తప్పెలా అవుతుందన్నది ఆమెకు అంతుపట్టలేదు. ఎండుద్రాక్ష రొట్టెకు వెన్న రాసుకుని కూడా తినకుండా పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. హెలెద్ సన్నగా, ఎవరిదో పెద్ద కోటులో మునిగిపోయి ఉంది. వెనకాల డ్రమ్ములు వాయించే గెథిన్, చేతిలో చిప్స్ పొట్లం. హెలెద్ అట్టను చూసింది. కాగితాల కట్ట మీద కూలబడింది.

“కప్పలా ఉంది,” అన్నాడు గెథిన్ నములుతూ. “బావుంది. పాటలు బావోలేవంటే కప్ప మీదికి తోసేయొచ్చు.”

“నోర్ముయ్‌రా,” అంది హెలెద్. కళ్లలో నీళ్లు తిరిగాయి. “మొదటి రికార్డు ఎవడైనా చేస్తాడు ఆంటీ. పుట్టినప్పట్నుంచీ దాచుకున్న కోపం చాలు దానికి. రెండోది చూసే కదా మేం నిజంగా పనికొస్తామో లేదో తేలుస్తారు. కవరు చూడగానే నవ్వుతారు.”

హెవిన్ ఏదో సర్దిచెప్పబోయాడు. నెస్తా అతన్ని ఆపింది.

“నాకో పాట వినిపిస్తావా?” అని అడిగింది. “ఆరోజు నువ్వు ఫోన్ పెట్టేసినప్పట్నుంచీ అడగాలనుకుంటున్నా. లోపల ఏముందో తెలీకుండా మూత మీద రంగేశాను. నా ఇన్నేళ్ల పనిలో అలా ఎప్పుడూ చేయలేదు.”

గెథిన్ జేబులోంచి క్యాసెట్ తీసి, కిటికీలో ఉన్న పాత టేపు రేడియోలో పెట్టాడు. నెస్తా యంత్రం మీద చెయ్యి ఆన్చి నిలబడింది. మొదట గిటారు గని బండి బ్రేకులా కీచుమంది. ఆమె మొహం చిట్లించింది గానీ చెయ్యి తీయలేదు. ఆ గోలంతా ఒక్కసారిగా పక్కకు తప్పుకుంది. పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నంత మామూలుగా హెలెద్ గొంతు వచ్చింది. ఊరొదిలి బస్సులో పోతున్న పిల్ల పాట అది. ఇల్లు పోతుంది, చాపెల్ పోతుంది, చివరికి కొండొక్కటే వెనక అద్దంలో మిగులుతుంది. అది పోదు.

పాట అయిపోయింది. నెస్తా ముక్కు తుడుచుకుంది. ముక్కుకు ఊదా అంటింది.

“తప్పు నాదేనమ్మా. ఇది నీలమే,” అంది. “నేను వంటింట్లోంచి చూశాను, నువ్వు బస్సులోంచి చూశావు. ఊరొదిలి ఎప్పుడూ పోనిదాన్ని, నాకేం తెలుసు, దూరం నుంచి ఇలా ఉంటుందని.”

హెలెద్ తలెత్తింది. “మా నాయనమ్మ కూడా గడ్డిని గ్లాస్ అనేది. అది గుర్తుండాల్సింది నాకు.”

“హెవినూ, అచ్చు ప్లేటు పారేయలేదుగా?” నెస్తా అప్పటికే నీలం డబ్బా దింపుతోంది. “గడ్డి ఎండింది. దానిమీద పల్చటి నీలం ఇంకోసారి వేద్దాం.”

“వెంట్రుకంత పక్కకు జరిగినా తెల్లక్షరాలకి నీడ పడుతుందక్కా! ఈ ముసలి యంత్రం మీద కుదిరే పనేనా?”

“నాకంటే చిన్నదేలే.”

నీలాన్ని నూనెతో పల్చగా నూరింది. చెయ్యి లాగుతుంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. మొదటి అట్ట పాడైంది, అక్షరాల పక్కన పచ్చటి నీడ పడింది. రెండోదీ అంతే. హెవిన్ జుట్టు పీక్కున్నాడు. నెస్తా కళ్లజోడు కోసం వెతికింది, గెథిన్ ఆమె మెడలోంచే తీసి చేతికిచ్చాడు. మర ఒకటి రవ్వంత బిగించి, అట్టను వేలితో తట్టి లోపలికి పంపింది. బయటికి వచ్చినదాన్ని నలుగురూ కలిసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. అక్షరాలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. రంగు అటు గడ్డీ కాదు, ఇటు ఆకాశమూ కాదు. పైన నీలం, అడుగున ఎక్కడో తడిసిన కొండ.

“ఎక్కడ్నించి చూస్తే ఇలా కనిపిస్తుంది ఆంటీ?” అంది హెలెద్.

“తెలీదు. చూడాలి.”

హెలెద్ ఆమెను గట్టిగా కావలించుకుంది, కోటుకు సిరా అంటుతుందని హెవిన్ అరుస్తున్నా వినకుండా. నెస్తాకు చాలా సంతోషమైంది.

సాయంత్రానికి కవర్లన్నీ తీగల మీద ఆరుతున్నాయి. ఊదా కాగితాలూ అయిపోయాయి. మిగిలిన గడ్డి సిరా డబ్బా తీసి, మూత మీద తను వేసిన పాత ముద్రపైనే నీలం అద్దిన బొటనవేలు నొక్కి, అల్మారాలో పెట్టింది. ఏప్రాన్ మేకుకు తగిలించింది. హెవిన్ ఏదో మాట్లాడాలని గొంతు సవరించుకుంటుంటే, “రేపు చెబుదువులే,” అని బయటికి నడిచింది.

జూన్ నెల, ఇంకా బోలెడు వెలుతురుంది. కొండ వాలు మీద గెర్లాన్‌లో తన ఇంటికి వెళ్లే బస్సు పైకి పోతుంది. నెస్తా రోడ్డు దాటి కిందికి పోయే బస్సెక్కింది.

“ఇది బాంగర్ పోతుందమ్మా,” అన్నాడు డ్రైవరు. “ఇల్లు మర్చిపోయారా?”

“ఇల్లెక్కడికీ పోదు గానీ, నువ్వు పోనీయ్.”

ఆ బస్సులో ఆమె చాలాసార్లే వెళ్లింది, ఆస్పత్రికీ అంగళ్లకూ. ఎప్పుడూ వెళ్లేచోటి వైపే చూస్తూ కూర్చుంది. ఈసారి చిట్టచివరి సీటుకు పోయి, మోకాళ్లు సీటు మీద పెట్టి చిన్నపిల్లలా వెనక అద్దానికి మొహం ఆనించింది. మొదటి మలుపులో కొండ గడ్డిలాగే ఉంది. చర్చి దాటాక గొర్రెలు చుక్కలయ్యాయి. ఆ తర్వాత ఎక్కడ మొదలైందో పట్టుకుందామని కళ్లు ఆర్పకుండా చూసింది గానీ దొరకలేదు. గడ్డి మెల్లగా నీలంలోకి వెళ్లిపోతోంది. ఇదే, ఈ వంతెన దగ్గరే, అనుకుంది. పిల్లకు రేపు చెప్పాలి. చెయ్యి నొప్పి భుజం దాకా వచ్చింది. ఆమె చూపు తిప్పలేదు.

చివరి స్టాపులో డ్రైవరు రెండుసార్లు పిలిచి, లేచి వెనక్కి వచ్చాడు. అద్దానికి ఆనుకుని కళ్లు తెరిచే ఉంది. ఇంకా చూస్తోందేమోననుకుని, కాసేపు ఆమెను కదపలేదు.

శనివారం కచేరీ జరిగింది. ఊదా కాగితం మళ్లీ ఇంకొకటి, నెస్తా పేరుతో, వేయాల్సి వచ్చింది. హెవిన్ లేత రంగే కలిపాడు. సోమవారం లారీ వచ్చి యంత్రాన్ని తీసుకెళ్లింది. ఖాళీ గదిలో అల్మారాలో ఒక డబ్బా మిగిలింది. దాని మూత మీద పచ్చటి బొటనవేలి ముద్ర, దానిమీద నీలంది, ఇంకా పూర్తిగా ఆరలేదు.