బ్రాకెట్లలో ఏది ముందు

ఆ బేకరీలో పొయ్యి చెప్పినట్టు వింటుందంటే అది యజమాని పెద్దమ్మాయి చలవే. పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, పొయ్యికి తగిలించిన చిన్న కంప్యూటర్లో ‘కాల్చు’ అనే ఫంక్షన్ రాసింది. దాని బ్రాకెట్లలో ముందు వేడి, తర్వాత నిమిషాలు ఇస్తే చాలు, మిగతాది పొయ్యే చూసుకుంటుంది.

ఆ పొద్దున ఎప్పటిలాగే కాల్చు(180, 40) అని కొట్టి, రొట్టెల అచ్చులు లోపల పెట్టి, కౌంటర్ దగ్గరికి వెళ్లింది. నలభై నిమిషాలకి తిరిగొచ్చి పొయ్యి తలుపు తీస్తే పిండి పొంగి, అచ్చులు దాటి కిందికి కారుతోంది. పులిసిన కంపు. పొయ్యి గోరువెచ్చగా ఉంది.

రొట్టెల కోసం వచ్చిన హాస్టల్ వంటాయన అక్కడే నిలబడ్డాడు. ఆయన ముందే నాన్న ఆమెని నోటికొచ్చినట్టు తిట్టాడు. పొయ్యిని దాని చేతికివ్వడం తన బుద్ధితక్కువన్నాడు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. తను కొట్టింది సరిగ్గానే ఉంది. ఫంక్షన్ తెరిచి చూస్తే, ‘వేడి, నిమిషాలు’ అని ఉండాల్సిన చోట ‘నిమిషాలు, వేడి’ అని ఉంది. నలభై డిగ్రీల మీద మూడు గంటలు కాల్చమన్నట్టయింది.

తమ్ముణ్ణి అడిగితే, నిన్న సాయంత్రం తనే మార్చానన్నాడు. నిమిషాలు ముందుంటేనే తనకి గుర్తుంటుందట.

“రెండంకెలే కదక్కా, ఏది ముందైతే ఏంటి? నువ్వూ ఓసారి చూసుకోవాల్సింది.”

ఆమెకి ఒళ్లు మండింది. “నేనిచ్చినవి రోజూ ఇచ్చే అంకెలే. పుచ్చుకునే చోట వరుస మార్చింది నువ్వు, చెప్పకుండా ఊరుకుందీ నువ్వు, చూసుకోవాల్సింది మాత్రం నేనా? ఏది వేడో ఏది నిమిషమో పొయ్యికేం తెలుసు? మొదటిదాన్ని మొదటి చోట కూర్చోబెడుతుంది, అంతే.”

చిన్నవాడు, తెలియక చేశాడు, పోనీలే అన్నాడు నాన్న.

“నన్ను తిట్టేటప్పుడు ఈ పోనీలే ఎటు పోయింది నాన్నా?”

నాన్న వంటాయన వైపు తిరిగి, తప్పు అమ్మాయిది కాదండీ, మా వాడిదే అని గొణిగాడు.

“కొంచెం గట్టిగా చెప్పు,” అందామె.

చెప్పాడు.

ఆమె ఫంక్షన్లో వరుస సరిచేసి, దాని ముందొక నక్షత్రం గుర్తు (*) పెట్టింది. ఇక ఏ అంకెనైనా పేరు చెప్పి ఇవ్వాల్సిందే: కాల్చు(వేడి=180, నిమిషాలు=40). పేరుంటే ఏది ముందున్నా ఫరవాలేదు. తమ్ముడు ఉండబట్టలేక ఒట్టి అంకెలు కొట్టి చూశాడు. పొయ్యి వెలగలేదు, తెర మీద ఎర్రక్షరాలు పడ్డాయి.

అట్లకాడ వాడి చేతిలో పెట్టి, పొయ్యి గీకమంది. తను అటు తిరిగి కొత్త పిండి తూచడం మొదలుపెట్టింది. కోపం మాత్రం సాయంత్రానికి కూడా దిగలేదు.