తొమ్మిదో గుంటలో మిగిలిన క్లిప్పు

"భోజనాల బల్ల ఓ నాలుగు రోజులు నాకొదిలెయ్" అన్నాడు ఆయన. ఆ నాలుగు రోజులకి ఇప్పుడు పదో వారం నడుస్తోంది. అత్తగారు మోకాళ్ళ నొప్పితో మంచం మీదే కంచం పెట్టించుకుంటోంది. మొగుడూ పెళ్ళాలు నేల మీద కూర్చుని తింటున్నారు. స్కూటర్ ఇంజన్ మాత్రం పాత పేపర్లు వేయించుకుని, ఇంటికొచ్చిన కొత్తల్లుడిలా బల్ల మీద దర్జాగా కూర్చుంది. పేపర్లు మార్చేది ఆమె. కింద కారిన నూనె తుడిచేదీ ఆమే. ఇంజన్ బాగు చేస్తున్నది మాత్రం ఆయన. ఆ సంగతి వీధంతటికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పాడు.

స్కూటర్ అసలు ఆమెది. పెళ్ళికి మూడేళ్ళ ముందు, ఆస్పత్రి స్టోర్స్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో, ఒకరు వాడి వదిలేసిన బండిని తన జీతంతో కొనుక్కుంది. ప్లగ్గు మసి పడితే తనే విప్పి గీకి బిగించుకునేది. పెళ్ళయిన వారానికి ఆయన తాళం చెయ్యి వేలికి తిప్పుతూ, "నేనుండగా నీకు బండెందుకు? పొద్దున దింపుతా, సాయంత్రం తెచ్చుకుంటా" అన్నాడు. తెచ్చుకుంటా అన్న మాట అప్పుడు ఎంత ముద్దుగా వినిపించిందో. కొట్లో చెప్పి ఉంచిన పొట్లాన్ని కూడా తెచ్చుకోవడమే అంటారని అప్పుడు తట్టలేదు. కోడలు బండెక్కి వెళ్ళడం మొదటినుంచీ నచ్చని అత్తగారు "ఆ డొక్కుని వెనక వసారాలో పడెయ్యండర్రా" అంది. పడేశారు. తాళం చెయ్యి మాత్రం ఆమె అడిగి తీసుకుని కుట్టుసామాను డబ్బాలో అడుగున దాచుకుంది. ఎందుకు దాచుకుందో ఆమెకే తెలియదు.

తొమ్మిదేళ్ళు. ఐదున్నరకి స్టోర్స్ మూసి గేటు దగ్గరికి వస్తుంది. ఆయన ఆరుకి వస్తాడు, ఆరున్నరకి వస్తాడు, స్నేహితులు తగిలితే ఏడవుతుంది. గేటు దగ్గర కాపలా మనిషికి ఒకే ఒక స్టూలు. ఆమె రాగానే లేచి, భుజం మీది తువ్వాలుతో దాన్ని దులిపి, "కూర్చో స్టోర్సమ్మా" అంటాడు. ఆస్పత్రిలో అందరూ పిలిచే పేరే అది. మొదట్లో వద్దనేది. తర్వాత కూర్చోవడం అలవాటైంది. ఆయన ఆలస్యమైన సాయంత్రాలన్నీ ఆ పెద్దమనిషి నిలబడే ఉన్నాడు. మొగుడికి ఓ స్నేహితుడు దొరికినప్పుడల్లా ఇంకెవరి కాళ్ళో పీకుతాయన్నమాట. ఈ లెక్క ఆయనకి ఎలా చెప్పాలో ఆమెకి తెలిసేది కాదు.

అందుకే, "ఆ పాత స్కూటర్ ఇంజన్ విప్పి కొత్తగా కడతా" అని ఆయన అన్నరోజు ఆమె లోపల ఏదో కదిలింది. "అయితే నేను దాని మీదే ఆస్పత్రికి వెళ్ళచ్చు" అంది, కూరలో గరిటె తిప్పుతూనే, మాట తేలిగ్గా పడేలా.

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "ఇన్నేళ్ళ తర్వాత నీకు బ్యాలెన్సెక్కడుంటుందే? పాత బండ్లవాళ్ళమంతా ఆదివారాలు కలుస్తాం కదా, దానికి పనికొస్తుంది."

ఇంజన్ విప్పిన మొదటి రోజే ఆమె గుడ్ల అట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్పై గుంటలు. విప్పిన ప్రతి నట్టూ, ప్రతి వాషరూ ఓ గుంటలో, పక్కన నంబరు వేసిన కాగితం ముక్క. ఆయన "నీ స్టోర్స్ పిచ్చి ఇంటిదాకా తెచ్చావా" అన్నాడు. ఆస్పత్రిలో పై అధికారీ అంతే. ఆమె సర్దిన అలమరాల ముందు నిలబడి తనిఖీకి వచ్చినవాళ్ళతో "నేనొక పద్ధతి పెట్టానండీ" అంటాడు. వాళ్ళు మెచ్చుకుంటూ ఉంటే ఆమె టీ అందిస్తుంది.

ఆయన ఫోన్లో వీడియోలు చూసి పని చేసేవాడు. స్కూటర్‌తో వచ్చిన పాత పుస్తకం, అట్ట ఊడిపోయినది, ఆమె పొయ్యి పక్కన పెట్టుకుని చదివేది. కిరసనాయిల్లో భాగాలు కడిగిన చేతులకి ఎన్నిసార్లు సబ్బు రుద్దుకున్నా అన్నంలో ఆ వాసన వచ్చేది. "అది ఇలా ఇవ్వు" అని ఆయన చెయ్యి చాపితే, ఏది అని అడక్కుండా పదో నంబరు పానా ఆ చేతిలో పెట్టేది. ఈ పాత మోడల్‌కి పిస్టన్ దొరకడం గగనమైంది. ఆరు షాపులు తిరిగితే ఓ ముసలి షాపాయన పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా తీసి, "ఇదే ఆఖరుదమ్మా, ఇది పాడైతే ఇక బండి మీద ఆశ వదులుకో" అన్నాడు. ఆరు షాపులూ తిరిగింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పిస్టన్ ఎక్కించిన రోజు ఆయనకి పండగే. పిస్టన్‌లోంచి అడ్డంగా ఓ చిన్న కడ్డీ పోతుంది. అది జారిపోకుండా రెండు పక్కలా గోరంత క్లిప్పులు రెండు. ఒకటి పెట్టి, "ఆగాగు, ఇప్పుడో ఫొటో తియ్యి" అన్నాడు. ఆమె ఫొటో తీసింది. వెలుతురు బాలేదన్నాడు, మళ్ళీ తీసింది. మూడోది నచ్చి స్నేహితులకి పంపించాడు, వాళ్ళ మెచ్చుకోళ్ళు చదువుకున్నాడు, ఆ ఊపులోనే సిలిండర్ దించి నట్లు బిగించేశాడు. బల్ల తుడుస్తుంటే ఆమెకి కనిపించింది, తొమ్మిదో గుంటలో ఒక క్లిప్పు.

"ఏవండీ, ఒకటి మిగిలింది."

"ఎక్స్‌ట్రా అయ్యుంటుంది. కంపెనీవాళ్ళు ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఇస్తారు."

"ఇది కొత్త ప్యాకెట్లోది కాదు, మనం విప్పినది. రెండు విప్పాం. పుస్తకంలో కూడా..."

"పుస్తకం చదివితే ఈత వస్తుందా?" అన్నాడు, ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా. మంచం మీంచి అత్తగారు, "వాడి పని వాణ్ణి చేసుకోనియ్యమ్మా. తొందరగా తెమిలితే బల్ల ఖాళీ అవుతుంది" అంది.

ఆదివారం పొద్దున ఇంజన్ బండిలోకి ఎక్కింది. మరిది ఫోను పట్టుకుని వచ్చాడు, పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి చేరారు, అత్తగారికి కుర్చీ వేశారు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ట్యాంకులో పెట్రోలు పోసి, సీటు మీద చెయ్యేసి చుట్టూ చూశాడు. "తాళం చెయ్యేదే?"

పది వారాల్లో ఎవరికీ గుర్తు రానిది అదొక్కటే. ఆమె చేతిలో టీ గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని గోడ మీద పెట్టింది.

"నా దగ్గరుంది."

"ఇటివ్వు మరి."

"ఇవాళ ఇవ్వను."

మరిది కిసుక్కున నవ్వి, "అన్నయ్యా, ముందు వదినకి పూజ చెయ్యాలేమో" అన్నాడు. గోడ దగ్గర కూడా నవ్వారు. ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. "ఒక క్లిప్పు బయటుంది. ఇలా స్టార్ట్ చేస్తే కడ్డీ పక్కకి జారి సిలిండర్‌ని గీసేస్తుంది. ఇంకో పిస్టన్ దొరకదు. విప్పి, క్లిప్పు పెట్టాక ఇస్తాను."

"ఇంతమందిలో నా పరువు తియ్యాలనా?" ఆయన గొంతు తగ్గించాడు.

"బండి నాదండీ" అంది ఆమె. ఇంత చిన్న మాట తొమ్మిదేళ్ళుగా నోట్లో ఎక్కడ నక్కిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

టీలు చల్లారాయి. వచ్చినవాళ్ళు పనులు గుర్తొచ్చి వెళ్ళిపోయారు. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "అంత తెలిసినదానివి నువ్వే చేసుకో. నేను ముట్టుకోను" అన్నాడు. అలిగి అన్నాడు. ఆమె ఆ మాటని అలకగా తీసుకోలేదు, అనుమతిగానూ తీసుకోలేదు. సరే అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే వసారాలో గోనెపట్టా పరిచి కూర్చుంది. మొదటిరోజు లోపల్నుంచి "టీ ఏదీ?" అని వినిపించింది. చేతులు నూనెగా ఉన్నాయంది. కాసేపటికి గిన్నెల చప్పుడు, తర్వాత పాలు పొంగిన వాసన. వెళ్ళి తుడవాలని మనసు లాగింది. తుడవలేదు. నాలుగు నట్లు విప్పి సిలిండర్ పైకి లాగి చూస్తే, అనుకున్నట్టే ఒక పక్క ఖాళీ. క్లిప్పు జారి ఇంజన్‌లో పడకుండా కింద గుడ్డ కుక్కింది. మొదటిసారి అది ఎగిరి బియ్యం డబ్బా వెనక్కి పోయింది. నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి వెతుకుతుంటే అత్తగారు చేతికర్రతో వచ్చి నిలబడింది. తిడుతుందనుకుంది.

"ఆ డబ్బా అడుగునే మెరుస్తోంది చూడు" అంది అత్తగారు. అది తీసి చూపిస్తే, "ఇంతేనా? దీనికా అంత గొడవ?" అని, వెనక్కి తిరిగి, "మీ మామగారి సైకిలు నేర్చుకుంటానన్నాను ఒకప్పుడు. నడుం విరుగుతుందన్నారు. ఎక్కినవాళ్ళలో ఎవరికి విరిగిందని?" అనుకుంటూ మోకాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది.

మూడోసారికి క్లిప్పు గాడిలో టక్కుమని కూర్చుంది. అంత చిన్న చప్పుడు ఒంట్లో ఎక్కడెక్కడో వినిపించింది ఆమెకి. మిగతాదంతా పుస్తకం చూసి, నంబర్లు చూసి మెల్లగా బిగించింది. నాలుగో రోజు పొద్దుటికి గుడ్ల అట్టలో ఒక్క గుంటలోనూ ఏమీ లేదు.

కుట్టుసామాను డబ్బాలోంచి తాళం చెయ్యి తీసింది. ఒక కిక్కు, రెండు, ఐదు. ఏడో కిక్కుకి బండి దగ్గి, తెల్లటి పొగ కక్కి, అందుకుంది. ఆయన బనియన్‌తో పరుగెత్తుకొచ్చాడు. మొహం నిండా సంతోషమే, అందులో అబద్ధం లేదు. "చూశావా, ఒక్క క్లిప్పే తేడా. మిగతా పనంతా నేను చేసిందేగా. దిగు దిగు, ఓ రౌండు వేసొస్తా."

ఆమె దిగలేదు. ఆస్పత్రి దారిలో మొదటి వీధి దాటేదాకా బండి అటూ ఇటూ ఊగింది. తర్వాత కుదురుకుంది.

సాయంత్రం ఐదున్నరకి గేటు దగ్గరికి వచ్చేసరికి కాపలా మనిషి ఎప్పటిలాగే లేచి తువ్వాలుతో స్టూలు దులుపుతున్నాడు. ఆమె హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, తాళం చెయ్యి అతనికి కనబడేలా పట్టుకుంది.

"కూర్చో అన్నా" అంది. "ఇక మీదట ఈ స్టూలు నీదే."