పదిహేడో ప్రశ్న

కరెంటు పోయి గంటన్నర దాటింది. మిక్సీని పక్కకు నెట్టి శ్రీకళ రోట్లో పల్లీలు నూరుతుంటే లోపలి గదిలోంచి జైపాల్ గొంతు వినిపించింది.

"ఇంకెంతసేపు? పచ్చడే గద!"

పచ్చడే. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ పచ్చడిలో ఉప్పు ఎక్కువైందని, కారం తక్కువైందని చెప్పడమే తప్ప, ఏ డబ్బాలో ఉప్పు ఉంటుందో ఆయనకు తెలియదు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. సింగరేణిలో బొగ్గు పైకి రావడం లేదు, బస్సులు డిపోలు దాటడం లేదు, సర్కారు ఆఫీసులో గుమాస్తా అయిన జైపాల్ జీతం ఇల్లు చేరడం లేదు. పొద్దున పదింటికి ఎల్‌బీ నగర్ చౌరస్తాలోని శిబిరానికి పోతాడు, అన్నం వేళకు వస్తాడు, మళ్లీ పోతాడు. మొన్నెవరో దండ వేస్తే తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. తెలంగాణ వద్దని కాదు శ్రీకళకు. నల్లగొండ పల్లెలో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మనిషి, రావాలనే ఆమెకూ ఉంది. కానీ ఇప్పుడు ఇల్లు నడుస్తున్నది ఆమె జీతం మీదే. అయినా ఎవరడిగినా ఆయన చెప్పే మాట ఒక్కటే: "మా ఆమెదేముంది, ఏదో టైంపాస్‌కు పోతది."

ఆ టైంపాస్ చైతన్యపురిలో, ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో. ఒక విదేశీ సంస్థ ఇచ్చే సాయంతో దేశానికి ఇరవై ఏళ్ల ఇంధన ప్రణాళిక తయారవుతోంది. ఏ ఇంట్లో ఏం కాలుస్తున్నారో ఊరూరా అడిగి తెలుసుకునే కంపెనీలో ఆమె సర్వే సూపర్‌వైజర్, అదీ కాంట్రాక్టు మీద. తుర్కయంజాల్ దాటి లోపలికి పదకొండు ఊళ్లు తిరిగింది. ఫారం మీద మొదటి నిబంధన, జవాబు ఇంటి యజమానే చెప్పాలని. పదిహేడో ప్రశ్న, వంటచెరకు తేవడానికి రోజూ ఎంత సమయం పడుతుందని.

మొదటి ఊళ్లో దశరథ అనే ఆయన మంచం మీద కాళ్లూపుకుంటూ, "ఎంత, అరగంట" అన్నాడు. శ్రీకళ పెన్నుతో అరగంట అని రాసింది. అప్పుడే వాకిట్లో కట్టెల మోపు దబ్బున పడింది. ఆయన భార్య అండాలమ్మ, చెమటకు రవిక వీపుకంటుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అరగంటనా? పొద్దు పొడవంగ పోయిన మేడమ్, గిప్పుడొస్తున్న. దగ్గరున్న కంపచెట్లన్ని ప్లాట్లోళ్ల గోడల లోపల వడ్డయ్. గుట్ట అవతలికి పోవాలె. గీయన ఎన్నడన్న ఒక్క పుల్ల మోసిండా, అడుగు!"

"దానికి గడియారం సూసుడే రాదు మేడమ్" అని దశరథ నవ్వాడు.

ఆ రోజు నుంచి శ్రీకళ ఆడవాళ్లను విడిగా అడిగింది. మూడు గంటలు, మూడున్నర, నాలుగు. పెన్నుతో రాసిన అరగంటల పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ పోయింది.

తీరా రిపోర్టు తయారయ్యాక చూస్తే అందులో అరగంటే ఉంది. దాని కింద, ఆ అరగంటను బట్టి తేల్చిన మాట ఇంకోటి: ఈ ఊళ్లలో కట్టెలు సులువుగా దొరుకుతున్నాయి, కనుక గ్యాసు, పొగలేని పొయ్యిల సంగతి పదేళ్ల తరవాత చూడవచ్చు.

"పెన్సిల్ రాతలు ఎంట్రీలోకి రావండి శ్రీకళగారూ" అన్నాడు ఆఫీసు పెద్ద చక్రపాణి. "ఫారం వాళ్లది, ఎవర్నడగాలో చెప్పిందీ వాళ్లే. మనకెందుకొచ్చిన గొడవ? సర్వే సరిగానే జరిగిందని సంతకం పెట్టేయండి, రెండో విడతలో మీరే మేనేజరు. లేదంటారా, మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి."

ఆ సాయంత్రం జైపాల్‌తో చెప్పుకుంది. "దేశం నీ నెత్తి మీదున్నదా ఏంది? పెట్టి రా. ఇల్లు నడవాలె గద. గింత మొండితనం మంచిది గాదు" అన్నాడు. జీతం పోయినా సరే అని నువ్వు కూర్చుంటే ఆత్మగౌరవం, సంతకం పెట్టనని నేనంటే మొండితనమా? ఆ మాట నోటిదాకా వచ్చింది. అత్త సాయమ్మ వింటోందని మింగేసింది.

ఇవాళ్టి పచ్చడి వంటావార్పు కోసం. నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చి, వండి, అక్కడే కూర్చుని తినడం నిరసన. పిలుపు మగవాళ్లది. బియ్యం, ఉల్లిగడ్డలు, గుండిగలు మోసుకొచ్చింది ఆడవాళ్లు. చౌరస్తాకు చేరి చూస్తే రాత్రి వానకు కట్టెలు తడిసి ఉన్నాయి. ఊదీ ఊదీ శ్రీకళ కళ్లు చింతనిప్పులయ్యాయి. మంట అందుకుని ఎసరు మరిగి బియ్యం పడ్డాక టీవీ కెమెరా వచ్చింది. జైపాల్ ఉరికొచ్చి ఆమె చేతిలో గరిటె లాక్కున్నాడు.

"జర పక్కకు జరుగు, ఫ్రేమ్‌ల వస్తున్నవ్."

ఉడికే అన్నాన్ని పప్పు ఎనిపినట్టు ఎనపసాగాడు. డివైడర్ మీద కూర్చున్న సాయమ్మ పకపకా నవ్వింది. "నా కొడుకు జావ కాస్తుండు!"

శ్రీకళ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆమె పక్కన చేరింది. "అత్తమ్మా, ఊళ్లె కట్టెలకు పోతే ఎంతసేపు పట్టేది?"

సాయమ్మ నవ్వు ఆగింది. "పూట గడిచేది. జైపాలు కడుపుల ఉన్నప్పుడు నిండు నెలల దాక మోసిన. మోపు దించినంకనే నొప్పులొచ్చినయ్. మీ మామనడిగితే కట్టెలు వాటంతటవే నడిచొచ్చినయ్ అంటుండె."

"గిన్నేండ్లల్ల ఒక్కసారన్న చెప్పలేదేంది?"

"ఎవలన్న అడిగితె గద బిడ్డా."

ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. విదేశీ బృందం మూడింటికి వస్తోందట, ఆలోపు సంతకం కావాలట. శ్రీకళ లేచి చీర దులుపుకుంది.

"ఏడికి? వడ్డించేదెవలు?" అన్నాడు జైపాల్.

"గరిటె నీ చేతులనే ఉన్నది గద" అంది.

బస్సుల్లేవు. కొత్తపేట మీదుగా చైతన్యపురి దాకా నడిచింది. ఈ నెల గడిస్తే వచ్చే నెల ఎట్లా? కిరాయి ఎట్లా, పాలు ఎట్లా? అడుగడుక్కూ అదే. సంతకం పెట్టి వెనక్కి తిరిగితే ఎవరూ ఏమీ అనరు. అండాలమ్మకు తెలియను కూడా తెలియదు. ఆ తెలియకపోవడమే శ్రీకళకు ముల్లులా దిగింది.

"ఇన్వర్టరు కూడా చచ్చిందండి, ఇంకోటి తీయలేం, ఈ కాపీ ఒక్కటే ఉంది, జాగ్రత్త" అంటూ చక్రపాణి చివరి పేజీ ముందుకు జరిపాడు.

శ్రీకళ పెన్ను తీసి సంతకం చోటుకు పైన రాసింది: పదిహేడో ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లెవరూ కట్టెలు మొయ్యలేదు. మోసినవాళ్లు చెప్పింది ఇందులో చేర్చలేదు. వాళ్లు చెప్పినవి నా దగ్గర ఉన్నాయి. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

చదివిన చక్రపాణి ముఖం మాడిపోయింది. "రెండో విడతలో మీరుండరు, తెలుస్తోందా?"

"తెలుసు సార్" అంటూ పెన్నుకు మూత పెట్టింది.

"పైగా తెలుగులో రాశారేంటండీ? వాళ్లకేం అర్థమవుతుంది?"

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. శ్రీకళ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"అడుగుతరు గద సార్, గిదేం రాసున్నదని. మీరే చదివి చెప్పాలె."