రెండు తీగల మధ్య సూరన్న

పొద్దున్నే గాజువాక ఆటోనగర్‌లో టీ తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, మీటరున్న సంచీ భుజాన వేసుకుంటే ఎల్లారావు రోజు మొదలైనట్టే. రెండువేల ఏడులో ఆ వీధి పొడవునా పాత పొక్లెయిన్లే. కొన్ని హార్బర్లో ఓడ దిగినవి, కొన్ని క్వారీల్లో అరిగిపోయి వచ్చినవి. నూనె పైపులు చూసేవాళ్ళు వేరే ఉన్నారు. ఎల్లారావుది కరెంటు పని.

పొక్లెయిన్లో మూడు పెట్టెలుంటాయి. ఒకటి ఇంజన్ని చూసుకుంటుంది, ఒకటి పంపుని, ఒకటి ఆపరేటర్ ఎదురుగా ఉన్న తెరని. మెలేసిన రెండు సన్నటి తీగల మీద ఈ మూడూ ఎడతెగకుండా మాట్లాడుకోవాలి. ఆ మాట తెగిందంటే ఇరవై టన్నుల బండి ఉన్నచోటే చతికిలబడుతుంది. ఎల్లారావు ముందు బ్యాటరీ విప్పేవాడు. రెండు తీగల మధ్యా మీటరు పెట్టేవాడు. అరవై ఓములు చూపిస్తే తీగలు బాగున్నట్టు. నూట ఇరవై అయితే ఎక్కడో తెగినట్టు. సున్నాకి పడిపోతే ఒకదానికొకటి తగులుకున్నట్టు.

ఆ తర్వాత తీగల్ని చెవికి ఆనించుకుని వినేవాడు. కేబిన్లో ఎవరేం మాట్లాడినా, తీగ మార్చేదాకా ఆ మాట అందులోనే ఉండిపోయేది. ఓనర్లు ఎక్స్‌రే గురించి అడిగినట్టు అడిగేవారు, “ఏటంతన్నాయి ఎల్లారావూ?” అని.

ఆ శ్రావణంలో ఒక ట్రైలర్ మీద ఎడమ పక్క నలిగిపోయిన పచ్చ బండి వచ్చింది. ఎల్లారావు చూడగానే పోల్చుకున్నాడు. అది సూరన్న నడిపిన బండి.

వేసవి మొదట్లో పద్మనాభం దగ్గర గ్రావెల్ కొండ మీద అంచు విరిగి ఆ బండి పడిపోయింది. సూరన్న అందులోనే పోయాడు. అప్పుడు పక్కన నిలబడి చేత్తో సైగలు చేస్తున్నవాడు కన్నబాబు, సూరన్న చెల్లెలు మహేశ్వరి మొగుడు. “ఎనక్కి రమ్మని సెయ్యూపేడు ఈడే” అన్నాడు బండి ఓనరు. ఊరంతా అదే నమ్మింది. మహేశ్వరి బట్టలు సర్దుకుని పద్మనాభంలోని పుట్టింటికి వెళ్ళిపోయింది. “నానేటి ఊపేనో నాకే గురుతు లేదు” అనేవాడు కన్నబాబు ఎవరడిగినా. కొన్నాళ్ళకి అడగడం కూడా మానేశారు.

బండిని ఇప్పుడు కొన్నది తగరపువలస మనిషి. “ఇంజన్ తిరగతంది గానీ లివర్ ఇనట్లేదు. సాయంత్రానికి అయిపోద్దా?” అన్నాడు.

ఎల్లారావు మీటరు పెట్టాడు. అరవై. తీగల కట్టని కొంచెం కదిపాడు. సున్నా. మళ్ళీ అరవై. కట్ట వెంట వేలు జరుపుకుంటూ పోయాడు. సీటు కింద, ఇనపరేకు అంచు ఒరుసుకునే చోట నల్లటి టేపు తగిలింది. దాని కొస లోపలికి మడిచి ఉంది. టేపు కొస అలా మడిచేది ఆటోనగర్ మొత్తానికి తనొక్కడే.

సంక్రాంతికి ముందు చుట్టింది అది. “తీగ మార్చాల, ఈ టేపు వారం కంటే ఆగదు” అని చెప్పాడు అప్పటి ఓనరుకి. “ఈ పని అయిపోనీ” అన్నాడు ఓనరు. ఎల్లారావు సరేనని బస్సెక్కి ఇంటికి పోయాడు.

టేపు విప్పాడు. లోపల రెండు తీగలూ బోసిగా, కదిపితే తగులుకునేంత దగ్గరగా ఉన్నాయి. చెవికి ఆనించాడు. అన్నిటికంటే చివర సూరన్న గొంతు వినబడింది.

“బావా! ముందుకి రమ్మంతన్నావు, నాకు కనబడతంది! బండే కదలట్లేదు! లివర్ సచ్చిపోయింది బావా! నువ్వు పక్కకి పో, మట్టి జారిపోతంది!”

ఎల్లారావు సంచీ దగ్గరికి లాక్కున్నాడు. కొత్త తీగ సంచీలో ఉంది. గంట పని. వేసేస్తే ఈ మాట ఉండదు, ఆ టేపు సంగతీ ఉండదు.

“ఏటి, అయిపోద్దా?” అన్నాడు తగరపువలస మనిషి.

“రేపు” అన్నాడు ఎల్లారావు.

మర్నాడు తొలి బస్సుకే పద్మనాభం వెళ్ళి మహేశ్వరిని తీసుకొచ్చాడు. కన్నబాబుకీ కబురు పెట్టాడు. అతను వచ్చి గేటు బయటే ఆగిపోయాడు, లోపలికి రాలేదు. కేబిన్లో సీటు కింది తీగలు మహేశ్వరి చేతికివ్వబోతూ ఎల్లారావు అన్నాడు, “అమ్మా, ముందొకటి సెప్తాను. ఈ టేపు నాను సుట్టిందే. తీగ మార్చమని ఒక్కసారే సెప్పేను. రెండోసారి అడగలేదు.”

మహేశ్వరి తీగలందుకుంది. మూడుసార్లు వింది. తర్వాత లేచి గేటు దాకా నడిచి వెళ్ళింది. కన్నబాబు ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“రా” అంది. “అన్నియ్య నిన్నే పిలుత్తన్నాడు.”

విన్నాక కన్నబాబు బండి చక్రాల మీది ఇనప పట్టాకి తలానించి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. మహేశ్వరి అతని వీపు మీద చెయ్యేసి నిలబడింది.

“తీగ మార్చితే అన్నియ్య మాట పోద్దా బాబూ?” అని అడిగింది కాసేపటికి.

“పోద్దమ్మా. బయటికి తీసీసినా మాట్లాడదు. నీకు ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఆపుతాను. ఊళ్ళో ఎవులడిగినా నాను వొచ్చి సెప్తాను.”

ఆమె సీటు వైపు చూసింది. “మార్చీండి. ఇంకొకులు కూకోవాల కదా అక్కడ.”

వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగింది. “రెండోసారి అడిగుంటే బాగుణ్ణు బాబూ” అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది ఎల్లారావుకి. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు. తన పుట్టింటి ఊరు కాదు, కన్నబాబు ఊరు చెప్పింది మహేశ్వరి డ్రైవరుకి.

ఎల్లారావు పాత తీగ తీశాడు. కొత్తది ఇనపరేకుకి తగలకుండా, రబ్బరు గొట్టంలోంచి వేశాడు. మీటరు అరవై చూపించింది, కదిపినా అరవయ్యే. బ్యాటరీ కట్టి, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. తెర వెలిగింది. లివర్ ముందుకి తోస్తే బండి బుద్ధిగా ముందుకి కదిలింది.

దిగిపోబోయి ఆగాడు. కేబిన్ తలుపు మూసుకున్నాడు. కొత్త తీగల్లో ఇంకా ఎవరి మాటా లేదు.

“సూరన్నా, నాను బండి ఆపాల్సింది” అన్నాడు, ఆ తర్వాత ఎవరు చెవిపెట్టినా మొదట అదే వినబడేలా.