తొండి

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే సరిచేసుకుని చదవండి. మెల్లగా రాస్తాను. మా ఆయన పేరు నోటితో ఎన్నడూ పలకలేదు, ఇక్కడ రాయక తప్పదు.

గంగులప్ప చీపురు మూలన పెట్టి, బీరువాలోని పుర్రెను రెండు చేతులా ఎత్తి బల్లమీద ఉంచాడు. మదనపల్లె కాలేజీలో జంతుశాస్త్రం గదికి ఆయన అటెండరు. పుర్రె సముద్రపు ఆవుది, మూతి కిందికి వంగి ఉంటుంది. ఏటా ఆయుధపూజకు దాన్ని సీకాయతో రుద్ది కడిగి పసుపు, కుంకుమ పెట్టేవాడు.

1983లో ఆ ఉదయం, మద్రాసులో చదువుకునే పుంగనూరు అమ్మాయి మెహరున్నీసా దానికోసమే వచ్చింది. సముద్రపు ఆవులు ఏ తీరాల్లో బతికేవో పాత ఎముకలను బట్టి రాసుకుంటోంది. ఆ చోట్ల వేట ఆపించాలని ఆమె తాపత్రయం.

"ఊరి పేరు దీని మీదే రాసుండాలప్పా. రిజిస్టర్లో 1971 అని మాత్రమే ఉండాది."

గంగులప్ప బొటనవేలితో ఎముక నుదురు తడిమాడు. "ఉండేదమ్మా, నల్లగా ఏందో. మురికి అనుకోని నేనే రుద్దేసినా."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

"ఊరు తెలీకుంటే ఇది నాకు పనికిరాదప్పా. నాలుగింటి బస్సుకు పోవాల."

గంగులప్పకు కూర్చుంటే కుదరలేదు, నిలబడితే కుదరలేదు. సీసాలను ఇటువి అటు సర్దాడు. కుప్పం స్టేషన్లో ఆ గోనెమూట అందుకున్నది తనే. కంపు భరించలేక పుంగనూరులో బస్సులోంచి దింపేస్తే ఎద్దులబండి మీద తెచ్చాడు. అన్నీ గుర్తున్నాయి, ఊరు తప్ప. అన్నం క్యారియరు తెరవలేదు.

మూడు దాటాక బయట రింగాట ఆడుతున్న ఆడపిల్లల్లో ఒకతె అరిచింది: "తొండి. తొండాట నాకొద్దు పోవే."

గంగులప్ప చేతిలో గుడ్డ జారింది.

"తొండి, అమ్మా. మూట యాడ నించి తెస్తివప్పా అని రైల్లో నించి దించిన అరవాయన్ని అడిగితే, తొండి అన్నాడు. నేనేం తొండి చేసినానని వాని మీదికి పొయినా. స్టేషనంతా నవ్వినారు."

మెహరున్నీసా నవ్వుతూ పటం విప్పి, రామనాథపురం తీరాన వేలు పెట్టింది. "అది ఊరు పేరప్పా. ఈడుండాది సూడు."

"ఉత్తపుణ్యానికి తిడితినే ఆ మనిషిని" అన్నాడాయన.

ఆమె తెలుగులోనే అట్టముక్క మీద రాసి పుర్రెకు కట్టింది. "మళ్లీ కడగొద్దప్పా."

"పసుపు?"

"కొంచెం."

ఇంటికొచ్చి ఇదంతా నాకు చెప్పాడు. వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాడు. "ఇంకేమేం రుద్దేసినానో మే" అన్నాడు.

శ్రావణంలో జ్వరం వచ్చింది. ఆయుధపూజకు ఆయన లేడు.

నాలుగేళ్లకు, పెద్దల బడిలో చదవడం వచ్చాక, ఆ గదికి పోయాను. దారానికి అట్టముక్క అలాగే ఉంది. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. చివరి మాట మాత్రం పైకి చదవలేదు.

"తొండి, 1971. మోసి తెచ్చినది గంగులప్ప."

బయ్యమ్మ, యాభై ఎనిమిదేళ్లు, పుంగనూరు.